పాఠం కింది ప్రశ్న ఎవరిది?

మన బడుల్లో పాఠం ఎట్లా ముగుస్తుందో మనందరికీ తెలుసు. సారు పుస్తకం మూసి "అర్థమైందా?" అంటాడు. క్లాసంతా ఒక్క గొంతుతో "అయింది సార్" అంటుంది. కాలేదని ఒక్కడన్నా పాఠం మళ్లీ మొదలుపెట్టాలి. సారుకి టైము లేదు. పైగా కాలేదన్నవాడికి మొద్దు అనే పేరు వస్తుంది. కాబట్టి అందరికీ అర్థమైనట్టే. ఆ తర్వాత పాఠం కింద ఉన్న ప్రశ్నలకి సారు బోర్డు మీద జవాబులు రాస్తాడు. పిల్లలు చూసి రాసుకుంటారు. మర్నాడు అప్పజెప్తారు.

ఈ 'అప్పజెప్పడం' అనే మాటని కాస్త గమనించండి. ఒకరి సొత్తుని మళ్లీ వాళ్లకే ఒప్పగించడాన్ని మనం అట్లా అంటాం. పొద్దుగూకేసరికి జీతగాడు ఆసామి గొడ్లని ఆసామికి అప్పజెప్తాడు. లెక్కలో ఒకటి తగ్గితే దెబ్బలు తింటాడు. పాఠం కూడా అంతే. పుస్తకం ఇచ్చింది, మాట పోకుండా తిరిగి ఇచ్చెయ్యాలి. నడుమ అది పిల్లవాడిది కానే కాదు. పావులో ఫ్రేరే ఈ చదువుని బ్యాంకులో డబ్బు వెయ్యడంతో పోల్చాడు. మనకి బ్యాంకు దాకా వెళ్లే పని లేదు. గొడ్లచావిడి దగ్గరే పోలిక దొరుకుతుంది.

చదివింది అర్థం చేసుకోవడం, తరగతిలో చర్చించడం అనే రెండింటినీ విద్యాశాస్త్రం వాళ్లు నైపుణ్యాలు అంటారు. ఈత లాగా, సైకిలు తొక్కడం లాగా, నేర్పితే వచ్చేవనీ నేర్పకపోతే రానివనీ వాళ్ల లెక్క. అది కొంతవరకు నిజమే. కానీ ఎలిమెంటరీ బడిలో మాల మాదిగ పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క చాలదు. "వీళ్లకి చదవడం వచ్చినా భావం అందదు" అని టీచర్ల మీటింగుల్లో వినే మాటలో సగం అబద్ధం ఉందని నా అభిప్రాయం. చాలాసార్లు మన పిల్లలకి భావం అందుతుంది. అందిందని తెలియాలంటే వాళ్లు ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నని బడి భావగ్రహణం కింద జమకట్టదు, పొగరు కింద జమకడుతుంది. ఈ వ్యాసం ఆ జమాఖర్చు గురించి.

1. పాల కథ

హిందీ దళిత రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ 'జూఠన్' 1997లో వచ్చింది. అందులో ఒక తరగతి గది ఉంది. ఉత్తరప్రదేశ్ పల్లెటూరి బడి. మాస్టారు ద్రోణుడి పేదరికం గురించి కళ్లు చెమర్చేలా చెప్తున్నాడు. కొడుకు అశ్వత్థామకి పాలు కొనలేక పిండి నీళ్లలో కలిపి పాలని చెప్పి తాగించాడట. క్లాసంతా కరిగిపోయింది. అప్పుడు చూహ్డా కులం పిల్లవాడు వాల్మీకి లేచి నిలబడ్డాడు. అశ్వత్థామ పిండినీళ్లు తాగాడు సరే, మేం గంజినీళ్లు తాగి బతుకుతున్నాం గదా, మా సంగతి ఏ కావ్యంలోనూ ఎందుకు లేదు అని అడిగాడు. ఘోరకలి వచ్చిందని మాస్టారు మండిపడ్డాడు. ఆ పిల్లవాణ్ణి వంగోబెట్టి వీపు మీద కర్రతో కొట్టాడు.

ఈ సంఘటనని కులహింసకి ఉదాహరణగా మనం చాలాసార్లు చెప్పుకున్నాం. భావగ్రహణానికి ఉదాహరణగా ఎప్పుడైనా చూశామా? ఆ ప్రశ్నలో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి. మొదటిది, పాఠంలో జరిగిన సంగతి పిల్లవాడికి తెలుసు. పాలకి బదులు పిండినీళ్లు అన్నది పట్టుకున్నాడు. రెండోది, దాన్ని తన ఇంటి గంజితో పోల్చాడు. చదివినదాన్ని సొంత అనుభవంతో కలుపుకోవడం అని శిక్షణ తరగతుల్లో చెప్పేది దీన్నే. మూడోది, కథలో ఉన్నదాన్ని దాటి కథ రాసినవాడి దగ్గరికి వెళ్లాడు. ఎవరి ఆకలి కావ్యమవుతుంది, ఎవరిది కాదు అని అడిగాడు. ఇది కాలేజీలో సాహిత్య విమర్శ అని నేర్పే పని. చిన్న పిల్లవాడు ఒక్క వాక్యంలో మూడు మెట్లు ఎక్కాడు. దానికి మార్కులు వీపు మీద పడ్డాయి.

మిగతా క్లాసు సంగతేమిటి? వాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ మాస్టారి దృష్టిలో పాఠం అర్థమైంది వాళ్లకే. ఏకలవ్యుడి బొటనవేలు అడిగింది ఈ ద్రోణుడే అన్న సంగతి కూడా అక్కడ ఎవరికీ గుర్తు రావాల్సిన అవసరం లేదు.

అడగడం ఎంత ఖరీదైన పనో బడి బయట కూడా మనకి తెలుసు. 1985 జూలైలో కారంచేడులో తాగే నీళ్ల చెరువుని పాడు చేస్తుంటే ఇదేంటని అడిగింది మున్నంగి సువార్త. ఆ తర్వాత జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలని చంపారు. ఊళ్లో అడగకూడదన్న నియమం ఉన్నప్పుడు, అదే ఊరి బడిలో 'చర్చాపద్ధతి' ప్రవేశపెట్టాం అంటే సరిపోదు. చర్చలో నోరు తెరవడానికి పిల్లలకి ఏ రక్షణ ఉందో ముందు చెప్పాలి.

2. ఒక సర్వనామం, ఒక ప్రత్యయం

పరిసరాల పుస్తకాల్లో 'మనకు సాయపడేవారు' తరహా పాఠం చదవనివాళ్లు మనలో ఉండరు. కుమ్మరి మనకి కుండలు చేస్తాడు, చాకలి మన బట్టలు ఉతుకుతాడు, చెప్పులు కుట్టేవాడు మనకి చెప్పులు కుడతాడు. పక్కన బొమ్మలు. కింద ప్రశ్న: చెప్పులు కుట్టేవాడు మనకి ఏ విధంగా సాయపడతాడు?

ఆ క్లాసులో చెప్పులు కుట్టే ఇంటి పిల్ల కూర్చుని ఉంది. ఆమె ఈ ప్రశ్నకి జవాబు రాయాలంటే ముందు ఒక పని చెయ్యాలి. తన తండ్రిని 'వాడు' చేసి, తను 'మనం'లోకి వెళ్లాలి. తోలు ఎట్లా ఊనతారో, లందలో తంగేడు చెక్క ఎందుకు వేస్తారో, ఆ వాసన ఇంట్లో ఎన్ని రోజులుంటుందో ఆమెకి తెలుసు. ఆ పాఠం రాసినవాడికంటే ఎక్కువే తెలుసు. కానీ ఆ తెలివికి ప్రశ్నలో చోటు లేదు. ఆమె తడబడితే 'భావం అందలేదు' అని రాసుకుంటాం. నిజానికి ఆ 'మన' అనే సర్వనామం దగ్గర ఆగిపోవడమే సరైన చదువు. "సార్, మనం అంటే ఎవరు?" అని ఆమె అడిగితే పాఠం మొత్తం విప్పినట్టే.

ఇంకొకటి. చెరువుల పాఠం ఉంటుంది. రామప్ప, పాకాల చెరువులని కాకతీయుల కాలంలో తవ్వించారని పుస్తకం చెప్తుంది. చెరువులు ఎవరు తవ్వించారు? కాకతీయులు. టిక్కు. కానీ తెలుగు వచ్చిన పిల్లవాడికి 'తవ్వు' వేరు, 'తవ్వించు' వేరు. 'తవ్వించారు' అన్నప్పుడు తవ్వినవాడు ఇంకొకడు ఉన్నాడని ఆ 'ఇంచు' అనే ప్రత్యయమే చెప్తోంది. వాక్యంలో అతని పేరు లేదు. "తవ్వించింది రాజులైతే తవ్వింది ఎవరు?" అన్న ప్రశ్నకి చరిత్ర పుస్తకం అక్కర్లేదు, వ్యాకరణం చాలు. వాక్యాల మధ్య దాగిన అర్థం పట్టుకోవడం నేర్పాలంటారు గదా, అది ఇక్కడ ఉంది. కట్టించారు, దున్నించారు, మోయించారు, ఉతికించారు. మన వాచకాల్లో ఈ క్రియలు ఎన్ని ఉన్నాయో పిల్లలతోనే ఏరించండి. ప్రతి దాని పక్కన చేసినవాళ్ల పేరు రాయమనండి.

తెలంగాణ పల్లెల్లో చెరువు తూము ఎప్పుడు లేపాలో, ఏ కాలవకి ఎంత నీరు వదలాలో చూసుకునే పని నీరడిది. చాలా ఊళ్లలో అది దళితుల పనే. నీరడి మనవరాలు క్లాసులో ఉంటే చెరువు పాఠానికి ఆమె కంటే పెద్ద వ్యాఖ్యాత లేదు. "నీళ్లు ముందు ఎవరి మడికి పోతాయి, ఆఖర్న ఎవరికి?" అని ఒక్క ప్రశ్న వేసి సారు పక్కకి తప్పుకుంటే చర్చ దానంతట అదే నడుస్తుంది.

ముందే తెలిసిన లోకం చదువుకి ఎంత అవసరమో పరిశోధకులు ఎప్పుడో చూపించారు. 1979లో అమెరికాలో స్టెఫెన్‌సన్, జోగ్-దేవ్, ఆండర్సన్ అనే ముగ్గురు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక భారతీయ పెళ్లి గురించి ఒక ఉత్తరం, ఒక అమెరికన్ పెళ్లి గురించి ఒక ఉత్తరం రాసి రెండు దేశాల వాళ్లతోనూ చదివించారు. ఎవరికి వాళ్ల పెళ్లి ఉత్తరం త్వరగా చదవడం వచ్చింది, ఎక్కువ గుర్తుంది. పరాయి పెళ్లి దగ్గర తప్పుగా అర్థం చేసుకున్నారు. వాళ్లంతా చదువుకున్న పెద్దవాళ్లే. 1982లో మరో అధ్యయనం వచ్చింది. నల్లజాతి పిల్లలు సరదాగా ఒకరినొకరు మాటలతో ఎగతాళి చేసుకునే ఆట ఒకటుంది. దాని గురించిన ఉత్తరాన్ని ఎనిమిదో తరగతి తెల్లపిల్లలు, నల్లపిల్లలు చదివారు. నల్లపిల్లలు అది ఆట అని పట్టుకున్నారు. తెల్లపిల్లల్లో చాలామంది అది కొట్లాట అనుకున్నారు. ఇక్కడ భావం అందనిది తెల్లపిల్లలకి. అంటే పాఠం ఎవరి ఇంటి గురించి అన్నదాన్ని బట్టి 'మొద్దు' మారిపోతాడు. మన వాచకాలు తరతరాలుగా ఒకే ఇంటి గురించి రాసి, ఆ ఇంటి పిల్లలు తెలివైనవాళ్లని తేల్చాయి.

3. సారుకి ముందే తెలిసిన జవాబు

బడిలో అడిగే ప్రశ్నకి ఒక విచిత్రమైన గుణం ఉంది. అడిగేవాడికి జవాబు ముందే తెలుసు. బజార్లో "బస్సు వెళ్లిపోయిందా?" అని అడిగేవాడికి జవాబు తెలియదు, అందుకే అడుగుతాడు. బడిలో మాత్రం తెలిసే అడుగుతారు. టీచరు అడుగుతాడు, పిల్లవాడు చెప్తాడు, టీచరు 'కరెక్టు' అనో 'కూర్చో' అనో అంటాడు. ఎలిమెంటరీ తరగతి గదిలో మాటలన్నీ ఈ మూడడుగుల్లోనే నడుస్తాయని హ్యూ మెహాన్ 1979లో అమెరికా బడిని చూసి రాశాడు. మన బడి చూసినా అదే రాసేవాడు.

షర్లీ బ్రైస్ హీత్ అనే పరిశోధకురాలు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి ఉండి 1983లో ఒక పుస్తకం తెచ్చింది. అందులో ఆమె ట్రాక్టన్ అని పేరు మార్చి చెప్పిన నల్లజాతి శ్రామికుల వాడ ఒకటుంది. ఆ వాడలో పెద్దవాళ్లు పిల్లల్ని "ఇదేంటి? దీని రంగేంటి?" అని అడగరు. తెలిసినదాన్ని అడగడం వాళ్లకి వింత. "అది దేనిలా ఉంది?" అని పోలిక అడుగుతారు, తమకి తెలియనిది అడుగుతారు. ఈ పిల్లలు బడికి వెళ్తే టీచరు బొమ్మ చూపించి ఇదేంటి అంటుంది. అందరికీ కనపడుతున్నదాన్ని ఎందుకు అడుగుతోందో వాళ్లకి అర్థం కాదు, ఊరుకుంటారు. మాటలు రాని పిల్లలని టీచర్లు అనుకున్నారు. హీత్ టీచర్లతో కలిసి ప్రశ్నలు మార్చింది. ఆ ఊరి ఫొటోలు తెచ్చి, ఇక్కడ ఏం జరుగుతోంది, మీరు వెళ్లారా, ఇది దేనిలా ఉంది అని అడిగారు. నోరు లేదనుకున్న పిల్లలు మాట్లాడారు.

మన వాడలకి వస్తే, మా అవ్వ నన్ను ఏనాడూ "ఆవుకి ఎన్ని కాళ్లు?" అని అడగలేదు. "మబ్బు చూడరా, వాన పడుద్దా?" అని అడిగేది. అదెప్పుడూ తేలని ప్రశ్న. నేను చెప్పేదాకా ఆగేది, నా మాటకి ఎదురు చెప్పేది. చర్చ అంటే ఏంటో నాకు మొదట నేర్పింది మా అవ్వ. బడిలో ఆ విద్యకి పిలుపు రాలేదు.

బడిలో ఏం నేర్చుకున్నానో కూడా చెప్తాను. నాలుగో తరగతిలో 'మీ ఇంట్లో సంక్రాంతి ఎట్లా చేసుకున్నారు?' అని పది వాక్యాలు రాయమన్నారు. ఆ ఏడు మా అమ్మ ఆసామి చావిడి అలికి, వాళ్లు పెట్టిన అరిసెలు నాలుగు కొంగున కట్టుకొచ్చింది. కనుమ నాడు వాడలో పోగులేసుకుని మాంసం పంచుకున్నారు. మా నాయన డప్పు కాచుకుంటూ మంట దగ్గర కూర్చున్నాడు. నేను రాసింది ఇది: మా ఇంటి ముందు ముగ్గులు వేసి గొబ్బెమ్మలు పెట్టాము, హరిదాసు మా ఇంటికి వచ్చాడు, మా అమ్మ పిండివంటలు చేసింది. హరిదాసు మా వాడ మొహం ఎన్నడూ చూడలేదు. నాకు పదికి తొమ్మిది వచ్చాయి. ప్రశ్నలో 'మీ ఇంట్లో' అని ఉన్నా, అడుగుతున్నది మా ఇంటి గురించి కాదని నాకు తొమ్మిదేళ్లకే అర్థమైంది. ఆ రోజు నేను బాగా పట్టుకున్న భావం అదొక్కటే.

4. సొంతమాటలు గైడులో దొరుకుతాయి

సంస్కరణలు రాలేదని నేను అనను. 1980ల చివరి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాలతో చదువు చెప్పాలంది. 2005 జాతీయ ప్రణాళిక చట్రం, దాని తర్వాత మన రాష్ట్రంలో 2011 విద్యా ప్రణాళిక పరిధిపత్రం వచ్చాయి. ఆ వెంట వచ్చిన తెలుగు వాచకాలు పాత పుస్తకాలంటే ఎంతో నయం. 'వినడం - ఆలోచించి మాట్లాడడం', 'చదవడం - వ్యక్తపరచడం' అని పాఠం చివర విడివిడి భాగాలు పెట్టారు. ఎందుకు, నువ్వైతే ఏం చేస్తావు, నీ అభిప్రాయం ఏమిటి అనే ప్రశ్నలు వచ్చాయి. పిల్లవాడికి అభిప్రాయం ఉండొచ్చని సర్కారు పుస్తకం ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

మరి ఏమైంది? ఆ పుస్తకాల వెనకే గైడులు వచ్చాయి. 'మీ సొంతమాటల్లో రాయండి' అన్న ప్రశ్నకి జవాబు అచ్చేసి అమ్మారు. 'మీ అభిప్రాయం చెప్పండి' అన్నదానికీ అచ్చేశారు. బోర్డు మీద సారు ఆ అభిప్రాయం రాశాడు, నలభైమంది అదే అభిప్రాయం ఎక్కించుకున్నారు. ఇది టీచరు సోమరితనం అని తేల్చేస్తే పొరపాటు. ఒక టీచరు రెండు మూడు తరగతులు చూసుకోవాలి, రికార్డులు నింపాలి, పరీక్షలో జవాబు కీతో పోల్చి మార్కులు వెయ్యాలి. కృష్ణకుమార్ దీన్ని 'పాఠ్యపుస్తక సంస్కృతి' అన్నాడు. వలస పాలన నుంచి వచ్చిన ఈ ఏర్పాటులో టీచరు పుస్తకానికి, పరీక్షకి కట్టుబడిన చిన్న ఉద్యోగి. తనకే అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ లేనివాడు పిల్లలకి ఏం ఇస్తాడు?

అమెరికాలోనూ ఇదే గోల. డొలొరెస్ డర్కిన్ 1970ల చివర్లో నాలుగో తరగతి గదుల్లో చదువు చెప్పే తీరుని 4,469 నిమిషాలు గమనించింది. భావం ఎట్లా పట్టుకోవాలో నేర్పిన సమయం అందులో 20 నిమిషాలు. మిగతాదంతా ప్రశ్నలడిగి పరీక్షించడం, అభ్యాసాలు నింపించడం. పరీక్షించడాన్నే నేర్పడం అనుకున్నారు.

ఇప్పుడు కొత్తగా నిమిషాల లెక్క వచ్చింది. 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలి. తెలంగాణలో 2022లో తొలిమెట్టు వచ్చింది. 'అర్థంతో' అనే మాట కాగితం మీద ఉంది. కానీ నిమిషాన్ని గడియారంతో కొలవొచ్చు, అర్థాన్ని కొలవడం కష్టం. కొలవగలిగినదే రికార్డులోకి ఎక్కుతుంది. ఎన్ని మాటలు చదివాడో రాసే గడి ఉంటుంది. ఎన్ని ప్రశ్నలు అడిగిందో రాసే గడి ఏ ఫారంలో ఉంది?

5. అయితే అక్షరాలు వద్దా?

ఇక్కడ మన మిత్రులు కొందరు అడ్డం పడతారు. పిల్లవాడికి గుణింతాలే రావట్లేదు, నువ్వు ద్రోణుడి మీద విమర్శ అంటున్నావు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అసర్ సర్వేల ప్రకారం దేశంలో పల్లెటూళ్ల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 50.5 శాతం, కరోనా తర్వాత 2022లో 42.8 శాతం. మిగిలినవాళ్లు ఎవరి పిల్లలో మనకి చెప్పక్కర్లేదు. అక్షరం తెలియనివాడికి భావగ్రహణం గురించి ఉపన్యాసం ఇవ్వడం మోసం. 'ఆటపాటలతో చదువు' అనే పేరు మీద మన పిల్లలకి అక్షరాలు కూడా సరిగ్గా చెప్పని బడులని నేను చూశాను. నల్లజాతి విద్యావేత్త లిసా డెల్పిట్ 1995లో తన పుస్తకంలో ఇదే హెచ్చరించింది. పెద్దింటి పిల్లలకి చదువు మర్మాలు ఇంట్లోనే అందుతాయి, వాళ్లకి బడిలో విడిగా చెప్పకపోయినా నడుస్తుంది. మన పిల్లలకి బడి విప్పి చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. కాబట్టి ఒత్తులు, గుణింతాలు, ప్రామాణిక భాష, పరీక్షలో రాయాల్సిన తీరు అన్నీ కావాలి. గట్టిగా కావాలి.

కానీ 'ముందు అక్షరాలు, తర్వాత ఆలోచన' అనే వరస మాత్రం ఒప్పుకోను. ఆ 'తర్వాత' మన పిల్లలకి రాదు. ఐదో తరగతి దాకా అక్షరాలే, ఆ పైన పరీక్షలే. అక్షరం రాని ఒకటో తరగతి పిల్ల కూడా టీచరు చదివి వినిపించిన కథ మీద ప్రశ్న అడగగలదు. చెవితో విన్నదాన్ని విమర్శించడం మన వాడలకి కొత్త కాదు. చిందు భాగోతం చూసిన రాత్రి గుడిసె ముందు కూర్చుని వేషగాడు ఎక్కడ తప్పాడో మాట్లాడుకున్న జనం మనం.

6. చర్చ ఎట్లా నడపాలి

టీచర్లకి, ట్యూషన్ సెంటర్లు నడిపే మన కార్యకర్తలకి ఉపయోగపడే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఇవి ఆచరణలో తేలినవే, నా సొంతవి కావు.

ఒకటి, ఆగడం. మేరీ బడ్ రో 1970ల్లో రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగి జవాబు కోసం ఒక్క సెకను కంటే ఎక్కువ ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు, పిల్లలు ప్రశ్నలు వెయ్యడం పెరిగింది. ముందు వాడభాషలో అనుకుని, దాన్ని పుస్తకం భాషలోకి మార్చుకుని, తప్పు వస్తుందేమోనని భయపడి, అప్పుడు నోరు తెరిచే పిల్లకి ఆ మూడు సెకన్లు ఎంత అవసరమో చూడండి.

రెండు, వంతు. పాలింక్సార్, బ్రౌన్ అనే ఇద్దరు 1984లో ప్రచురించిన పద్ధతిలో పిల్లలే వంతులవారీగా టీచరవుతారు. ఒక పేరా చదివాక ఆ వంతు పిల్ల మిగతావాళ్లని ప్రశ్న అడగాలి, పేరా సారం చెప్పాలి, తెలియని మాట విడదీయాలి, తర్వాత ఏం రాబోతుందో ఊహించాలి. గడగడా చదువుతారు గానీ భావం అందదు అనుకున్న ఏడో తరగతి పిల్లలతో మొదలుపెడితే వాళ్లు బాగా ముందుకొచ్చారు. మన దగ్గర దీనికి ఇంకో అర్థం ఉంది. అంబేద్కర్ చిన్నప్పుడు లెక్క చెయ్యడానికి బోర్డు దగ్గరికి వెళ్తుంటే, బోర్డు వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు మైలపడతాయని మిగతా పిల్లలు ఉరికి తీసుకున్నారట. మాదిగ పిల్ల పది నిమిషాలు ముందు నిలబడి ప్రశ్న వేస్తే, మిగతావాళ్లు ఆమెకి జవాబు చెప్పాల్సి రావడం ఒట్టి బోధనాపద్ధతి కాదు. అంటరానితనం మీద రోజూ చేసే చిన్న పని.

మూడు, భాష. ఇంగ్లీషు మీడియం మనం కోరుకున్నదే, వదులుకునేది లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. చాలా బడుల్లో ఇంగ్లీషు పేజీని గొంతెత్తి చదివిస్తారు, తెలుగు పేజీ అట్లాగే ఉంటుంది. చర్చ మాత్రం పిల్లలకి నోరొచ్చిన భాషలోనే జరగాలి. ఎదురు పేజీలోని తెలుగు కూడా వాడ తెలుగు కాదు కాబట్టి మూడు మాటలూ పక్కపక్కన పెట్టాలి. అమ్మ అనే మాట, పుస్తకం అనే మాట, ఇంగ్లీషు మాట. 'బువ్వ' తప్పు, 'అన్నం' ఒప్పు అని దిద్దకుండా ఎవరు ఎక్కడ ఏమంటారో రాయించండి. పిల్లలకి భాష గురించి ఆలోచన అక్కడ మొదలవుతుంది.

నాలుగు, పాఠం. మన బతుకున్న కథలు కావాలి. హైదరాబాదు అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో 'డిఫరెంట్ టేల్స్' అనే వరస తెచ్చింది. కంచ ఐలయ్య 2007లో కులవృత్తుల మీద పిల్లల పుస్తకం రాశారు. ఇవి ఎన్ని బడుల లైబ్రరీ అలమరల్లో ఉన్నాయి? అయితే ఒక జాగ్రత్త. మన కథ పెట్టి దాని కింద పాత ప్రశ్నలే వేస్తే, మన కథని కూడా అప్పజెప్పించుకుంటారు. జాషువా పద్యానికి ప్రతిపదార్థం రాయించి పది మార్కులు వేసినట్టు.

ఇంకో మాట మనలో మనం అనుకోవాలి. సర్కారు బడుల్లో ఇవాళ మిగిలింది చాలాచోట్ల మన పిల్లలు, బీసీల పిల్లలే. డబ్బున్న కులాల వాళ్లు ప్రైవేటుకి వెళ్లిపోయారు. రిజర్వేషన్ పోరాటం వల్ల కుర్చీలో కూడా మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అయినా "అర్థమైందా?", "అయింది సార్" అట్లాగే వినపడుతోంది. మనకి చెప్పిన తీరులోనే మనం చెప్తున్నాం. మాల పిల్లవాడు మాదిగ పిల్లని, మగపిల్లవాడు ఆడపిల్లని మాట్లాడనివ్వకపోతే చూసీ చూడనట్టు పోతున్నాం. ఈ విమర్శ ముందు మన మీదే.

1855లో పూణెలో ముక్తాబాయి అనే మాంగ్ బాలిక మాంగ్, మహార్ల దుఃఖం గురించి రాసిన వ్యాసం 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. ఫూలే దంపతుల బడిలో మూడేళ్లు చదివిన పిల్ల ఆమె. వేదాలు మావేనని బ్రాహ్మణులు అంటున్నారు గదా, అయితే మాకు ఏ ధర్మగ్రంథమూ లేనట్టే గదా, మరి మా ధర్మం ఏమిటి అని ఆమె వాదించింది. ఎదుటివాడి వాక్యాన్నే తీసుకుని, అందులోంచి అతను ఊహించని అర్థం లాగింది. చదివి అర్థం చేసుకోవడం అంటే ఇదే. మూడేళ్లలో అది సాధ్యమైంది. మన పిల్లలు ఎలిమెంటరీ బడిలో ఐదేళ్లు ఉంటున్నారు.

ఈ పత్రిక చదివే టీచర్లని, విద్యార్థులని ఒకటి కోరుతున్నాను. మీ తరగతిలోనో, మీరు వెళ్లే బడిలోనో ఒక వారం కూర్చోండి. ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. సారు అడిగిన ప్రశ్నలు ఎన్ని, పిల్లలు అడిగినవి ఎన్ని. పిల్లలు అడిగినవాటిని వాళ్ల మాటల్లోనే, దిద్దకుండా రాసుకోండి. ఎవరు అడిగారో, అడిగాక ఏం జరిగిందో కూడా రాయండి. రెండో వరస ఖాళీగా ఉంటే ఖాళీగానే పంపండి. వాచకాలు మార్చమని విద్యాశాఖని నిలదీసే రోజున మన చేతిలో ఉండాల్సింది ఆ కాగితాలే.